డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము



అమరావతీ క్షేత్రమున, అమరేశ్వరస్వామివారి సన్నిధిని, కృష్ణవేణీతీరమున జరుగనున్న మన వార్షిక మహాసభ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, స్థలౌచిత్యమునుబట్టి ఆచార్య నాగార్జునుని గూర్చి వ్రాయవలెనని మొదట తలంచితిని. ఈ ధాన్యకటక ప్రాంతముతో ఆయన నామము పెనవేసికొనియున్నది. రసవైద్యమునకు మూలపురుషుడని వైద్యగ్రంథములు ఆయనను కొనియాడుచున్నవి. కాని రసవైద్యుడైన నాగార్జునుడును, మాధ్యమికదర్శనకర్తయైన నాగార్జునుడును ఒక్కరా, వేర్వేరా యను వివాదము తెగునది కాదు. వివాదముతో పుటలు నింపుటకంటె, మన నియోగిశాఖయందే జన్మించి, మన యింటింటి మందులపెట్టెలో నేటికిని ఏదో యొక రూపమున నిలిచియున్న వైద్యశాస్త్రజ్ఞుని గూర్చి వ్రాయుట మేలని తోచినది.

మందులపెట్టె యని యేల యంటినన, సభలో భోజనానంతరము పెద్దలు పందిరిక్రింద కూర్చుండునప్పుడు వారి సంభాషణ వినినవారికి తెలియును. ఒకరికి మధుమేహము, వేఱొకరికి రక్తపుపోటు, ఇంకొకరికి కీళ్ళవాపు. సంబంధములు, భూముల వెలలు ముగిసిన తరువాత మిగులు ప్రసంగమంతయు మందుబిళ్ళల ప్రసంగమే. మన ఆయుర్వేదము వ్యాధులను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. ఔషధపథ్యములు నడచుచున్నంతకాలము అణగియుండి, అవి మానినతోడనే తలయెత్తునది యాప్యము. ఏబదియేండ్లు దాటిన మనలో పెక్కుమంది బ్రదుకు యాప్యవ్యాధితోడి కాపురమే. సుబ్బారావుగారి జీవితకార్యమును ఒక్క ముక్కలో చెప్పవలెనన్న, అసాధ్యములని వైద్యులు చేతులు దులుపుకొనిన కొన్నిటిని యాప్యములుగను, యాప్యములైన కొన్నిటిని సాధ్యములుగను మార్చుటయే.

వీరు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట సంతానము అధికము, ధనము స్వల్పము. బాలుడు చదువునందు నిలుకడ లేనివాడై, పదుమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని ఇల్లు విడిచి పోయెననియు, తల్లి వెదకించి వెనుకకు రప్పించెననియు చరిత్రకారులు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగా ఆప్తుల మరణములు సంభవించినవి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. బడిపంతులుగా నలువదేండ్లు గడపిన నేను ఈ వాక్యము వ్రాయుచు ఒకింత సిగ్గుపడుచున్నాను. రెండుమారులు తప్పిన బాలుని గూర్చి మేము ఉపాధ్యాయుల గదిలో ఏమని చెప్పుకొందుమో నాకు తెలియును.

ఆ పిదప సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనని సుబ్బారావుగారికి తలంపు కలిగెను. తల్లి సమ్మతింపలేదు. వైద్యవిద్య నేర్చినచో అది సేవకు మార్గమగునను ఆలోచనతో చెన్నపట్టణపు వైద్యకళాశాలయందు ప్రవేశించిరి. ఆ చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తెయైన శేషగిరినే వీరు పరిణయమాడిరి.

ఇచ్చట వీరి జీవితమున వ్యాధి ప్రవేశించినది. ఆంగ్లవైద్యులు స్ప్రూ అని పిలుచు ఉష్ణదేశరోగము వీరి సోదరులిద్దరను స్వల్పవ్యవధిలో పొట్టనబెట్టుకొనెను. మన వైద్యులు దీనిని గ్రహణి, సంగ్రహణి యను పేళ్ళతో ఎఱుగుదురు. గ్రహణి యనగా జఠరాగ్నికి ఆశ్రయమైన స్థానము. అన్నమును పట్టి నిలిపి పక్వము చేయునది కనుక ఆ పేరు వచ్చినది. అది చెడినప్పుడు తిన్నది ఒంటబట్టదు. తెల్లని, జిడ్డుగల విరేచనములు పదేపదే యగును. నాలుక ఎఱ్ఱబడి పుండ్లుపడి, కారము మాట యటుండ గోరువెచ్చని పాలు తాకినను మండును. రోగి దినదినము శుష్కించి, రక్తము క్షీణించి, పాండువర్ణము దాల్చి, మాసములకు మాసములు మంచమున నుండి క్రమముగా ఆఱిపోవును. విషూచి వచ్చినయింట ఏడుపు రెండు దినములలో ముగియును. గ్రహణి వచ్చినయింట అది సంవత్సరము సాగును. ఆ ఇంట నిద్దరు అటుల పోయిరి.

వైద్యవిద్యార్థియైన సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకెను. తన కళాశాలలో బోధింపబడు శాస్త్రము తన దేహమున నున్న వ్యాధికి మందు చూపజాలకపోయినది. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేదచికిత్సచే వీరిని స్వస్థులను గావించిరి. లక్ష్మీపతిగారు ఆంగ్లవైద్యమున పట్టము పొందియు ఆయుర్వేదమునకు తమ జీవితమును ధారవోసిన మహనీయులు. వారి ధర్మపత్ని రుక్మిణమ్మగారు ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు ఏగి, 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున ఆరోగ్యశాఖను నిర్వహించిరి.

ఈ ఘట్టమును చెప్పునప్పుడు మనవారు కొందఱు ఆయుర్వేదము గెలిచెను, ఆంగ్లవైద్యము ఓడెను అని చప్పట్లు చఱచుదురు. సంస్కృతము చదివినవాడను గనుక నాకును ఆ ఉత్సాహము కలుగవలసినదే. కాని అదే వ్యాధి అదే కుటుంబమున ఇద్దరను చంపి ఒక్కరిని విడిచినది. ఏ మందు ఏల పనిచేసెను, ఏ దేహమున ఏ లోపముండెను అను ప్రశ్నకు ఆ నాడు ఉభయశాస్త్రములయందును సమాధానము లేదు. సుబ్బారావుగారు చప్పట్లు చఱచలేదు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని పోయిరి.

గాంధీమహాత్ముని పిలుపు విని వీరు శస్త్రచికిత్సాగృహమున ఖద్దరు దుస్తులు ధరించుటచే ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొర ఆగ్రహించెననియు, వ్రాతపరీక్షలయందు సమర్థులైనను వీరికి ఎం. బి. బి. ఎస్. పట్టము రాక, దానికి దిగువదియగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే లభించెననియు ప్రసిద్ధము. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందే శారీరశాస్త్ర బోధకులుగా చేరి, పరిశోధన చేయవలెనన్న కోరికతో అమెరికాకు పోవ నిశ్చయించిరి.

ప్రయాణమునకు ధనమెచ్చటనుండి వచ్చినది? మామగారు కొంత ఇచ్చిరి. తక్కిన సాయము కాకినాడ సత్యలింగ నాయకరుగారి ధర్మనిధినుండి లభించినది. మల్లాడి సత్యలింగ నాయకరుగారు కోరంగి ప్రాంతపువారు. బర్మాదేశమున వ్యాపారముచే ధనమార్జించి విద్యాదానమునకు విడిచిపోయిన పుణ్యపురుషులు. వారు మన శాఖవారు కారు. సుబ్బారావుగారు మనవారని మనము ఈ సంచికలలో చిత్రపటములు వేసికొనుచున్నాము. వారిని ఓడ యెక్కించినది మనము కాదు. మన విద్యానిధికి పోషకులుగానున్న పెద్దలు ఈ సంగతిని మనసునకు తెచ్చుకొందురుగాక.

1920 తరువాతి తొలి సంవత్సరములలో వీరు బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్యమున డిప్లొమా పొందిరి. పగలు చదువు, రాత్రులయందు పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆస్పత్రిలో సేవకవృత్తి. వైద్యపట్టము గలవాడు రోగుల మలమూత్రపాత్రలు మోసి కడుపు నింపుకొనెను. తరువాత సైరస్ ఫిస్కె యను ఆచార్యునితో కలసి, రక్తాదులయందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి నేటికిని వీరిరువురి పేళ్ళతోనే వ్యవహరింపబడుచున్నది. దాని ఫలముగా కండరములకు శక్తినొసగు ఫాస్ఫోక్రియేటిన్, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థములు వెల్లడియైనవి. 1930లో పిహెచ్. డి. పట్టము వచ్చినది. ఈ భాగము రసాయనశాస్త్రజ్ఞులు వివరింపదగినది. నేను చెప్పవలసిన కథ కాలేయమునకు సంబంధించినది.

ఆ దినములలో అమెరికాయందు మైనటు, మర్ఫీ యను వైద్యులు 1926లో ఒక వింతను చూపిరి. అంతవఱకు నిశ్చయముగా చంపుచుండిన ఒకజాతి పాండురోగమునకు కాలేయమును ఆహారముగా నిచ్చిన రోగి లేచి తిరుగుచుండెను. కాలేయమున నున్న ఆ సారమేది? సుబ్బారావుగారు దానిని వెదకుటలో పడిరి. ఇదే కాలమున బొంబాయి నగరమున లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు, పేద గర్భిణులయందు కనబడు తీవ్రమైన రక్తహీనత పులిసినపిండి మడ్డివంటి ఈస్టుసారముచే నయమగునని కనుగొనెను. పాలకూరయందును అట్టి పదార్థమే కలదని 1941లో తెలిసి, ఆకునకు లాటిను భాషలో నున్న పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆసిడ్ అని నామకరణము జరిగినది. ఉన్నదని తెలిసినదే కాని చేతికి చిక్కదు. బండ్లకొలది కాలేయమును శోధించినను లభించునది గోరుపై నిలుచునంత.

హార్వర్డులో స్థిరమైన పదవి దొరకకపోగా సుబ్బారావుగారు 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను గ్రామమున నున్న లెడర్లీ ఔషధశాలయందు చేరి, పిమ్మట పరిశోధనశాఖకు అధిపతులైరి. వీరి ఆధిపత్యమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను రసాయనముగానే నిర్మించినది. టాం స్పైస్ అను వైద్యుడు దానిని క్యూబా మొదలగు దేశములయందలి స్ప్రూ రోగులకిచ్చి చూచెను. కొలదిదినములలో నాలుకపుండ్లు మాని, ఆకలి పుట్టి, రక్తము పెరిగినది. అనంతరకాలమున ఆ వ్యాధికి ఫోలిక్ ఆసిడ్‌తోపాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కలిపి కొన్ని మాసములిచ్చుట చికిత్సగా స్థిరపడినది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడ లెడర్లీ యందే, వీరి కాలముననే పుట్టినది. ఉద్యోగవిరమణ చేసి డెబ్బదేండ్లు దాటిన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టియందలి సూక్ష్మజీవినుండి దానిని కనుగొనెను. తన తమ్ములను, అన్నలను మ్రింగిన వ్యాధులకు శత్రువులైతిమని చెప్పుకొనినవారు లోకమున పెక్కురు. ఆ వ్యాధికి వలసిన రెండు మందులును ఒకే మనుష్యుని నీడన తయారగుట మాత్రము అరుదు.

ఫోలిక్ ఆసిడ్ పని యేమనగా, దేహమున క్రొత్తకణములు పుట్టుటకు అది కావలయును. రక్తము, నోటిలోపలి పొర, ప్రేవుల లోపలి పొర ఇవి వడిగా నశించి వడిగా పుట్టుచుండును గనుక, అది కొఱవడినప్పుడు మొదట చెడునవి అవియే. గర్భమున శిశువు రూపొందు తొలివారములయందు అది చాలనిచో వెన్నెముక సరిగా మూసికొనదనియు, గర్భధారణకు ముందునుండియే ఇచ్చినచో ఆ లోపములలో అధికభాగమును నివారింపవచ్చుననియు 1991లో ఇంగ్లండునందు ప్రకటింపబడిన పరీక్ష నిరూపించినది. మన దేశమున 1970నుండి ప్రభుత్వము గర్భిణులకు పంచుచున్న ఇనుపబిళ్ళయందు కలిసియున్నది ఇదియే. శాకాహారులమగు మనకు ఒక హెచ్చరిక. బి-12 అను వేఱొక జీవసత్త్వము కొఱవడినప్పుడు ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే పుచ్చుకొన్నయెడల రక్తము బాగైనట్లు కనబడును. నరములు లోలోన చెడుచునేయుండును. అరికాళ్ళు తిమ్మిరెక్కుచున్నవని చెప్పు పెద్దలు వైద్యునడుగక స్వయముగా బిళ్ళలు కొనరాదు.

పదార్థము చేతికి చిక్కినపిదప సుబ్బారావుగారి బృందము దానికి దొంగరూపములను సిద్ధపఱచినది. తాళమున దూరును గాని త్రిప్పలేని దొంగ తాళపుచెవివంటి వవి. కణము దానిని ఫోలిక్ ఆసిడ్ అని భ్రమించి పట్టుకొని, క్రొత్తకణమును పుట్టింపలేక నిలిచిపోవును. అట్టి అమినోప్టెరిన్ అను మందును బోస్టను నగరపు బాలవైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపుక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, పదునార్గురిలో పదుగురికి మేలు కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ మేలు కొన్ని మాసములే నిలిచినది. అయినను అంతకుముందు ఆ పిల్లలకు మాసములు కూడ లేవు. దాని సోదరియైన మెథోట్రెక్సేట్ నేడు ఆ రోగమునకే గాక, స్వల్పమాత్రలో, వారమునకొకమారు, కీళ్ళవాతమునకును ఇవ్వబడుచున్నది.

ఇచ్చట నా యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. నా ధర్మపత్నికి పండ్రెండేండ్లుగా ఆమవాతము. వ్రేళ్ళు వంకరపోవుచుండగా వైద్యుడు మెథోట్రెక్సేట్ వ్రాసెను. మందులు కొనినచోట పొట్లముపై ఉదయము ఒకటి యని గుర్తుపెట్టియిచ్చిరి. చీటిలో వారమునకొకమారు అని వైద్యుడు వ్రాసియే యుండెను. ఇంట మందులిచ్చు పని నాది. పొట్లమును నమ్మి దినమున కొకటి వంతున తొమ్మిదిదినములు ఇచ్చితిని. ప్రశ్నపత్రమును రెండుమారులు చదువుడని వేలమంది బాలురకు చెప్పిన నోరిది. ఆ చీటిని ఒకమారైన సరిగా చదువలేదు. తొమ్మిదవనాటికి ఆమె నోరు పూచి, మంచినీరు మ్రింగలేక, విరేచనములై, మొగము తెల్లబాఱినది. గుంటూరునకు తీసికొనిపోగా అచ్చటి వైద్యుడు నాలుక చూచి, తక్కిన ప్రశ్నలేవియు వేయక, ఈ బిళ్ళ దినమునకెన్ని యిచ్చుచున్నారని అడిగెను. ఫోలినిక్ ఆసిడ్ అను ఫోలిక్ ఆసిడ్ రూపాంతరమును సూదిమందుగా నిచ్చిరి. మూడువారములకు ఆమె అన్నము తినినది.

తరువాత సుబ్బారావుగారి చరిత్రము చదువుచు నేను నివ్వెఱపోయితిని. ఆ తొమ్మిదిదినములలో ఆమెకు వచ్చినది, ఒకవిధమున, సుబ్బారావుగారి సోదరులకు వచ్చినదే. నాలుక మంట, విరేచనములు, పాండువర్ణము అన్నియు ఫోలిక్ ఆసిడ్ లేమి లక్షణములే. వారికి వ్యాధి తెచ్చినది, ఆమెకు నా అజాగ్రత్త తెచ్చినది. విషమును, విరుగుడును రెండును ఆ పెర్ల్ రివర్ పరిశోధనశాల సంతతియే. ఆమె నేటికిని ఆ మందునే వాడుచున్నది. గురువారము రాత్రి మెథోట్రెక్సేట్, మఱునాడు ఫోలిక్ ఆసిడ్. వంటయింట దోసెపిండి తానే కలుపుకొనగలుగుచున్నది. యాప్యమన్న మాటకు ఇంతకంటె అర్థము నాకు తెలియదు.

మఱియొక మందు సంగతి చెప్పి ముగింతును. మన కోస్తా గ్రామములయందు బోదకాలు లేని వీథి నా చిన్నతనమున లేదు. శాస్త్రమున దీనికి శ్లీపదమని పేరు. దోమకాటువలన దేహమున ప్రవేశించు సూక్ష్మకృములే దీనికి కారణము. సుబ్బారావుగారి పరిశోధనశాలనుండి 1947లో వెలువడిన హెట్రజాన్ ఆ కృములపై పనిచేసిన నమ్మదగిన మందు. దాని రసాయననామము డైఈథైల్ కార్బమజీన్. 2004నుండి మన ప్రభుత్వము వ్యాధిగల జిల్లాలలో ఏటేట ఇంటింటికి పంచుచు వచ్చిన బిళ్ళ ఇదియే. ఆరోగ్యముగా నున్నవారుకూడ మ్రింగవలెనన్నచో మనవారు మొగము త్రిప్పికొని కిటికీలోనుండి పాఱవేయుదురు. రక్తమున కృములున్నను సంవత్సరములతరబడి వాపు కనబడదని వారెఱుగరు. వాచిన కాలు బిళ్ళతో తగ్గదు. దానిని దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, ఎత్తున నుంచుకొనుటయే చికిత్స. అట్లు చేసికొనువారికి జ్వరములు అరుదగును.

ఆరియోమైసిన్ 1948 జూలై మాసమున లోకమునకు ప్రకటింపబడినది. మఱుసటి మాసముననే, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు హృద్రోగముచే నిద్రలోనే మరణించిరి. ఇందఱ వ్యాధులను గూర్చి రాత్రింబవళ్ళు చింతించిన మనుష్యుడు తన హృదయమును ఎవరికైన చూపుకొనెనో లేదో. వారి ఆవిష్కరణపత్రములలో పెక్కింటియందు వారి పేరే లేదు; సహచరుల పేళ్ళను ముందునకు నెట్టి తాము వెనుక నిలుచుట వారి స్వభావము. వారు మరల స్వదేశమునకు రాలేదు. వారు పోయినపిమ్మట ఇచ్చట జన్మించిన కుమారుడు శైశవముననే గతించెను. శేషగిరమ్మగారు పాతికేండ్లు ఎదురుచూచి వైధవ్యము పొందిరి. మహాపురుషుల చరిత్రములయందు ఈ భాగమును ఒక వాక్యమున దాటించుట ఆచారము. నేనును అంతకంటె చెప్పజాలను గాని, దానిని ఆయన గొప్పతనముగా చిత్రించుటకు నా కలము సాగదు. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ వీరి ముద్రతో బిళ్ళను విడుదల చేసినది.

కార్యదర్శిగారికి నేను చేసిన రెండు మనవులను ఇచ్చట ప్రకటించుచున్నాను. విద్యానిధికి వచ్చు దరఖాస్తులయందు పరీక్ష తప్పిన వివరము వ్రాయవలసిన గడిని తీసివేయవలెనని మొదటిది. అది కార్యవర్గము విచారణలో నున్నది. రెండవదానికి అంగీకారము లభించినది. మహాసభ రెండవదినమున మధ్యాహ్న భోజనానంతరము, దేవాలయ వీథివైపు పందిరిలో, ఇద్దరు వైద్యులు ఒక బల్లయొద్ద కూర్చుందురు. వారు చికిత్స చేయరు. ఎవరి మందులచీటి వారికి చదివి, ఏది ఎప్పుడు, ఎన్నిమారులు అని పొట్లములపై తెలుగున వ్రాసియిత్తురు. కావున వచ్చువారెల్లరు తమ చీట్లను, పొట్లములను వెంట తెచ్చుకొనవలెను. కన్ను సరిగా ఆననివారు చదువనేర్చిన మనుమనినో మనుమరాలినో తోడు తెచ్చుకొనవలెను.